యాంటెన్నా ఊడ్తలేదని సెట్టును తిట్టకుండ్రి

పోయిన జాతరకు మా ఊరి యూత్ పిలగాండ్లు పైసలు జమజేసి ఆన్‌లైన్ల వాకీటాకీలు తెప్పిచ్చిండ్రు. గుట్ట మీద సెల్లు సిగ్నల్ ఉండది. పార్కింగ్ కాడ ఒకడు, గుడి కాడ ఒకడు, నీళ్ల ట్యాంకర్ కాడ ఒకడు ఉంటే మాట్లాడుకోవాలె గదా. రెండు రకాల సెట్లు వచ్చినయ్. ఒక దాని యాంటెన్నా బోల్టు లెక్క తిప్పితే ఊడొస్తది. ఇంకో దానిది ఎంత తిప్పినా కదలది, సెట్టుకు కరుసుకొని ఉన్నది. "అన్నా, గీ ఊడనిది పోరగాండ్లు ఆడుకునే బొమ్మ. మనకు అంటగట్టిండ్రు" అని ఒక తమ్ముడు కోపం జేసిండు. నేను గూడ మొదలు గట్లనే అనుకున్న. తర్వాత కూసొని చదివితే ముచ్చట ఉల్టా ఉన్నదని తెలిసింది.

ఊడని యాంటెన్నా పెట్టుడు కంపెనీ పిసినారితనం ఒక్కటే కాదు. చాలా దేశాలల్ల అది చట్టం. అమెరికాల 1996ల ఫ్యామిలీ రేడియో సర్వీస్ అని ఒకటి పెట్టిండ్రు. లైసెన్స్ అక్కర్లేదు, పరీక్ష లేదు, ఎవలైనా కొనుక్కొని మాట్లాడుకోవచ్చు. దానికి పెట్టిన షరతులల్ల ఒకటి: యాంటెన్నా సెట్టుల భాగమై ఉండాలె, తీయరాకుంట ఉండాలె. మొదలు అర వాటు పవరే ఇచ్చిండ్రు. 2017ల కొన్ని ఛానళ్లకు 2 వాట్ల దాకా పెంచిండ్రు. పవర్ పెంచిండ్రు గని యాంటెన్నా షరతు మాత్రం తీయలే. అదే దేశంల జీఎంఆర్ఎస్ అని ఇంకో సర్వీస్ ఉన్నది. ఫీజు కట్టి లైసెన్స్ తీసుకుంటే యాంటెన్నా మార్చుకోవచ్చు, మిద్దె మీద పెట్టుకోవచ్చు. యూరప్‌ల పీఎంఆర్ 446 అనేటిది గూడ ఫ్యామిలీ రేడియో లెక్కనే: లైసెన్స్ లేదు, అర వాటు, యాంటెన్నా ఊడది.

అంటే లైసెన్స్ లేని కాడ యాంటెన్నాకు తాళం ఏసిండ్రు, లైసెన్స్ ఉన్న కాడ ఇడిసిండ్రు. ఎందుకు?

కాలువ నీళ్ల కాడికి రండ్రి. అందరికీ ఒకే సైజు తూము ఉన్నదనుకో, నీళ్లు చివరి ఆయకట్టు దాకా పోతయ్. పై రైతు ఒకడు రాత్రికి రాత్రి పది హార్స్‌పవర్ మోటరు బిగిచ్చిండనుకో, కింద మడి ఎండుతది. వాకీటాకీ ఛానల్ గూడ గసొంటిదే. పైగ ఇవి ఎఫ్ఎం పద్ధతిల నడుస్తయ్. ఒకే ఛానల్ మీద రెండు సిగ్నళ్లు వస్తే రిసీవర్ బలమైన దాన్ని పట్టుకుంటది, బలం లేనిది ఇనబడనే ఇనబడది. కలగాపులగంగ ఇద్దరి గొంతు ఇనబడుడు తక్కువ. ఉన్నోడు మాట్లాడుతుంటే లేనోడు ఉన్నట్టే తెల్వది.

మరి పవర్ అర వాటే ఉంటే యాంటెన్నా మార్చినంత మాత్రాన ఏమైతది అంటరు. ఇక్కడనే అసలు కిటుకు ఉన్నది. యాంటెన్నా కొత్తగ కరెంటు పుట్టియ్యది, ఉన్నదాన్ని ఒక దిక్కుకు మళ్లిస్తది. ఒకే బ్యాటరీతోని వట్టి బల్బు ఎలిగిస్తే అర్ర నిండుతది. అదే బల్బు ఎనక టార్చిలైటు అద్దం పెడితే చెరువు అవుతలి కట్ట కనబడుతది. సిగ్నల్‌ను నాలుగింతలు మళ్లిచ్చే యాంటెన్నా పెట్టినవనుకో, అర వాటు సెట్టు ఆ దిక్కుకు 2 వాట్ల సెట్టు లెక్క పని చేస్తది. లోపల మిషన్ ముట్టకుంటనే చట్టం దాటినట్టు.

దానికంటే పెద్దది ఎత్తు. ఈ రేడియో తరంగాలు ఇంచుమించు చూపు లెక్క నేరుగ పోతయ్. సదును నేల మీద ఇద్దరు మనుషులు సెట్లు ఛాతి కాడ పట్టుకొని నిలబడితే, భూమి వంపును బట్టి లెక్క గడితే హద్దు 10 కిలోమీటర్లు. చెట్లు, ఇండ్లు అడ్డమొస్తయ్ గనుక నిజంగ వచ్చేది ఒకటి రెండు. డబ్బా మీద "16 కిలోమీటర్లు" అని రాసేటిది గుట్ట మీదికెళ్లి గుట్ట మీదికి అనుకోండ్రి. ఒక దిక్కు యాంటెన్నాను 10 మీటర్ల పొడుగు పైపు మీద పెడితే అదే లెక్క 18 కిలోమీటర్లయితది. చెట్లు, ఇండ్లు సగం కిందనే ఉండిపోతయ్. దూరం రెండింతలైతే, నీ మాట అడ్డం పడే జాగ నాలుగింతలైతది. అందుకే చట్టం రాసినోళ్లు యాంటెన్నా బోల్టు మీదనే చెయ్యి పెట్టిండ్రు. ఇంటింటికి పోయి సెట్లు చెక్ చేసే సర్కారు ఏ దేశంల లేదు. ఫ్యాక్టరీల అతికిచ్చి పంపితే, ల్యాబుల కొలిచిన సెట్టు, నీ చేతుల ఉన్న సెట్టు ఒక్కటే.

కంపెనీలకు గూడ లాభమున్నది, దాచేదేం లేదు. కనెక్టర్ ఖర్చు మిగులుతది, నీళ్లు దూరే సందు తగ్గుతది. యాంటెన్నా లేకుంట బటన్ ఒత్తితే పవర్ ఎనకకు తిరిగి లోపలి ట్రాన్సిస్టర్ కాలే ప్రమాదముంటది, అది గూడ తప్పుతది. నాకు నచ్చనిది ఒక్కటే. ఆ రబ్బరు ముక్క ఇరిగితే మెకానిక్ కాడ బాగయ్యుడు కష్టం, సెట్టంతా పారేయాలె. దీని గురించి ఎవలూ మాట్లాడరు.

ఇగ మన దేశం. 2018 రూల్స్ ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్యల మాత్రమే నడిచే తక్కువ పవర్ సెట్లకు లైసెన్స్ అక్కర్లేదు. సెట్టుకు ఈటీఏ సర్టిఫికెట్ ఉండాలె. ఆన్‌లైన్ల దొరికే ఊడే యాంటెన్నా సెట్లు చాలావరకు ఈ పట్టీ దాటి మస్తు దూరం తిరుగుతయ్, 5 వాట్లని రాసి ఉంటది. గవి లైసెన్స్ లేకుంట వాడితే నేరం. పోలీసోళ్ల, అంబులెన్సోళ్ల మాటలకు అడ్డం పడొచ్చు. కొనేటప్పుడు ఇది చెప్పినోడు ఎవడు? 2025 మే నెలల వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ, లైసెన్స్ ముచ్చట, ఫ్రీక్వెన్సీ ముచ్చట చెప్పకుంట వాకీటాకీలు అమ్ముతున్నరని ఈ-కామర్స్ ప్లాట్‌ఫాములకు 13 నోటీసులు ఇచ్చింది. నోటీసు అమ్మినోనికి పోయింది. గని రేపు బందోబస్తుల సెట్టు చేతుల పట్టుకొని దొరికేది ఊరి పిలగాడే.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995ల తీర్పు చెప్పింది. ఆ బెంచిల మన తెలుగు జడ్జి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గూడ ఉన్నరు. ఆ ప్రజల ఆస్తిల లైసెన్స్ అడగకుంట మనకు ఇడిసిన పట్టీ ఇంత సన్నగున్నది. దాన్ని పెంచమని అడుగుడు న్యాయమే. వైరు అతికిచ్చి పక్కోని గొంతు నొక్కుడు వేరే ముచ్చట.

యాంటెన్నాలు సొంతంగ చేసుకోవాలనే పిచ్చి ఉన్న తమ్ముళ్లు హ్యామ్ రేడియో పరీక్ష రాయండ్రి. 12 ఏండ్లు నిండితే చాలు. హైదరాబాద్‌ల నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అని దీనికోసమే ఒక సంస్థ ఉన్నది. వ్యాపారానికి వాడొద్దు గని, నేర్చుకునేటందుకు దారి తెరిచే ఉన్నది.

మా పిలగాండ్లు ఊడే సెట్లు వాపస్ పంపిండ్రు, సగం పైసలే వచ్చినయ్. ఊడని సెట్లతోనే జాతర నడిచింది. పార్కింగ్ కాడికెళ్లి గుడి కాడికి మాట అందకపోతుండె. ఒకణ్ణి వాటర్ ట్యాంక్ మెట్ల మీద నిలబెట్టినం, వాడు ఇటు మాట అటు చెప్పిండు. బొమ్మ అని కోపం జేసిన తమ్ముడే ఆ మూడు దినాలు మెట్ల మీద ఉన్నడు.