పట్టుచీర వెనక మైక్రోస్కోపు

పట్టుచీర కొనేటప్పుడు అంచు చూస్తాం, జరీ చూస్తాం. దాని వెనక ఓ మైక్రోస్కోపు కూడా ఉంటుందని మీకు తెలుసా?

పట్టుపురుగు మల్బరీ ఆకు తిని, నాలుగుసార్లు కుబుసం విడిచి, పాతిక రోజులు అటూ ఇటూగా గూడు కడుతుంది. ఆ గూటిలో దారం దాదాపు కిలోమీటరు పొడవు! అయితే పెబ్రిన్ అనే జబ్బుంది. తల్లి నుంచి గుడ్లకు వస్తుంది, పంటంతా ఊడ్చేస్తుంది. 1860లలో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ ఉపాయం చూపాడు. గుడ్లు పెట్టిన తల్లిపురుగును నూరి మైక్రోస్కోపు కింద చూడాలి. రోగకణాలు కనిపిస్తే ఆ గుడ్లు పారేయాలి. గుడ్ల కేంద్రాల్లో నేటికీ తల్లిపురుగుకి ఈ పరీక్ష చేస్తారు.

తిరుపతిలో 1983లో ఆడపిల్లల కోసమే వెలిసిన శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఈ సెరికల్చర్‌కి ఓ విభాగముంది. గృహవిజ్ఞానం, అప్లైడ్ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ కూడా ఉన్నాయి.

మా పక్కింటి పిన్నిగారమ్మాయి బీయస్సీ అయ్యాక అక్కడ చేరతానంది. "పురుగులు పెంచడానికి పెద్ద చదువెందుకే? సంబంధాలు చూస్తున్నాం కదా!" అన్నారు పిన్నిగారు.

"పెంచడానికి కాదు పిన్నిగారూ, చావకుండా చూడడానికి" అన్నాన్నేను.

హిందూపురం, మదనపల్లె వైపు పల్లెల్లో వేళకి ఆకు వేసేదీ, తట్టలు శుభ్రం చేసేదీ చాలా ఇళ్లలో ఆడవాళ్లే. పంట పోతే అప్పు ఆ ఇంటికే మిగులుతుంది. వాళ్ల కష్టం తెలిసిన ఆడపిల్ల లేబొరేటరీలో కూర్చుంటే ఆ చదువు ఒక్క ఇంటికేనా పనికొచ్చేది? అమ్మలూ, మీరే చెప్పండి!