గుండె తలుపుల దగ్గర ఇంజనీరుకేం పని?

ఇంజనీరింగ్ అనగానే మనకు గుర్తొచ్చేవి వంతెనలు, డ్యాములు, కంప్యూటర్లు. గుండెకీ ఇంజనీరుకీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే నవ్వేస్తాం. కానీ గుండె వాల్వు మార్పించుకుని, మళ్ళీ తన ఇంటి పనులు తాను చేసుకోగలుగుతున్న ప్రతి స్త్రీ వెనకా ఆపరేషన్ చేసిన డాక్టరుతో పాటు కొందరు ఇంజనీర్ల కష్టం కూడా ఉంది. ఆ కథ తెలుసుకుంటే గుండె గురించే కాదు, మన పిల్లల చదువు గురించీ నాలుగు మంచి మాటలు దొరుకుతాయి.

బావి మోటారుకి ఉన్నదే గుండెకీ

బావి మోటారు ఉన్న ఇళ్ళవాళ్ళకి ఫుట్‌వాల్వు గురించి వేరే చెప్పక్కర్లేదు. అది బాగున్నంతకాలం నీళ్ళు పైకే వస్తాయి, వెనక్కి జారవు. అది పాడైతే ప్రతిసారీ పైపులో నీళ్ళు పోసి మోటారు వెయ్యాల్సిందే! గుండెలో ఇలాంటి తలుపులు నాలుగున్నాయి. రక్తాన్ని ముందుకే పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. వీటిని తెరిచి మూసే మోటారు గానీ స్ప్రింగు గానీ ఏదీ లేదు. పల్చటి రెక్కలు రక్తపు ఒత్తిడికే తెరుచుకుంటాయి, ఆ ఒత్తిడికే మూసుకుంటాయి. నిమిషానికి 72 సార్ల లెక్కన రోజుకి లక్షసార్లు పైనే, ఏడాదికి దాదాపు 3 కోట్ల 78 లక్షల సార్లు! మన ఇంటి వీధి తలుపు బందులు అన్నిసార్లు ఓర్చుకుంటాయా, చెప్పండి?

ఈ రెక్కలు చెడిపోవడానికి మన దేశంలో పెద్ద కారణం రుమాటిక్ జ్వరం. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం వస్తాయి. కొన్నాళ్ళకి కీళ్ళు వాచి నొప్పి చేస్తాయి. తగ్గిపోయిందిలే అనుకుంటాం. లోపల మాత్రం వాల్వు రెక్కలు మందమై, ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మిట్రల్ వాల్వు ఇలా ఇరుకవడం ఆడవాళ్ళలోనే ఎక్కువ. చాలామందికి గర్భం వచ్చినప్పుడే ఆయాసంతో అది బయటపడుతుంది, ఎందుకంటే ఆ నెలల్లో గుండె ఎక్కువ రక్తాన్ని తోడాల్సి వస్తుంది.

పైపు నొక్కితే తెలిసే సంగతి

మొక్కలకి నీళ్ళు పట్టేటప్పుడు పైపు చివర బొటనవేలితో నొక్కండి. ధార సన్నబడి దూరంగా ఎగజిమ్ముతుంది. దారి ఇరుకైతే వేగం పెరుగుతుందన్నమాట. ఇరుకైన వాల్వు దగ్గరా ఇదే జరుగుతుంది. ఎకో పరీక్షలో డాక్టర్లు ఆ వేగాన్ని కొలుస్తారు. సెకనుకి ఎన్ని మీటర్లో ఆ అంకెను దానితోనే హెచ్చించి, మళ్ళీ నాలుగుతో హెచ్చిస్తే వాల్వుకి అటూ ఇటూ ఒత్తిడిలో ఎంత తేడా ఉందో వస్తుంది. ఎడమవైపు నుంచి ఒంట్లోకి రక్తం వెళ్ళే అయోర్టిక్ వాల్వు దగ్గర మామూలుగా సెకనుకి ఒక మీటరు పైచిలుకు వేగం ఉంటుంది. అది 4 మీటర్లయితే తేడా 64 మిల్లీమీటర్ల పాదరసం. అంటే వాల్వు బాగా ఇరుకైందని అర్థం. ఈ లెక్క ఎక్కడిదనుకున్నారు? ఇంజనీరింగ్ పిల్లలు చదువుకునే బెర్నూలీ సూత్రమే!

వాల్వు దాటిన రక్తం సుడులు తిరుగుతుందని అయిదు వందల ఏళ్ళ క్రితమే గమనించినవాడు లియొనార్డో డావిన్చి. 1513 ప్రాంతంలో ఆయన ఎద్దు గుండెను పరిశీలించాడు. గాజుతో రక్తనాళం నమూనా చేసి, అందులో గింజలు కలిపిన నీళ్ళు పారిస్తే ప్రవాహం కంటికి కనబడుతుందని రాసుకున్నాడు. వాల్వు మూసుకోవడానికి ఆ సుడులు సాయపడతాయని ఆయన ఊహ. అది సరైన దారిలోనే ఉందని 1960ల చివర్లో ఆక్స్‌ఫర్డ్ ఇంజనీర్ల ప్రయోగాల్లో తేలింది.

పంపులు చేసినాయన, డాక్టరుగారు

1958లో అమెరికాలోని ఒరెగాన్‌లో లోవెల్ ఎడ్వర్డ్స్ అనే రిటైరైన ఇంజనీరు, ఆల్బర్ట్ స్టార్ అనే యువ సర్జనుని కలిశాడు. ఎడ్వర్డ్స్ అంతకుముందు విమానాల ఇంధన పంపులకు మెరుగులు దిద్దినవాడు. ఏకంగా కృత్రిమ గుండే చేద్దామన్నాడు. ముందు ఒక వాల్వు చేద్దాం అన్నారు డాక్టరుగారు. 1960లో వాళ్ళ వాల్వుని రోగులకు విజయవంతంగా అమర్చారు. ఒక చిన్న పంజరం, అందులో ఒక బంతి, అంతే!

వాల్వు తెరుచుకుని మూసుకుంటే చాలదని తర్వాత తెలిసింది. రక్తం ఎక్కడైనా నిలవుంటే గడ్డ కడుతుంది. సందుల్లోంచి మరీ జోరుగా చిమ్మితే రక్తకణాలు చితికిపోతాయి. అందుకే ప్రవాహాన్ని అంత శ్రద్ధగా చూడాలి. అట్లాంటాలోని జార్జియా టెక్‌లో 1979లో చేరిన అజిత్ యోగనాథన్ గారి పరిశోధనశాల ఈ పనికి పేరుపడ్డది. ఇలాంటి పరిశోధనల్లో గుండెలాగా కొట్టుకునే పంపుకి వాల్వుని బిగించి, రక్తమంత చిక్కగా ఉండేలా నీళ్ళలో గ్లిజరిన్ కలిపి పారిస్తారు. అందులో సన్నటి రేణువులు వేసి లేజర్ వెలుగులో ఫొటోలు తీస్తారు. డావిన్చి గింజలకి ఇవి మనవలన్నమాట!

పాఠం కన్నా ముందు ప్రశ్న

ఇలాంటి పనికి ఎలాంటి ఇంజనీరు కావాలి? సూత్రం అప్పజెప్పేవాడు చాలడు. జార్జియా టెక్, ఎమొరీ యూనివర్సిటీలు కలిసి 1997లో బయోమెడికల్ ఇంజనీరింగ్ శాఖ పెట్టినప్పుడు ఈ సంగతే ఆలోచించాయి. అక్కడ విద్యార్థుల్ని చిన్న జట్లుగా చేసి, పుస్తకంలో జవాబు దొరకని అసలైన సమస్య ఒకటి ఇస్తారు. మేష్టారు జవాబు చెప్పరు. ప్రశ్నలు అడుగుతూ ఆలోచనకు దారి చూపిస్తారు. అక్కడి వెండీ న్యూస్టెటర్, నాన్సీ నెర్సేసియన్ అనే ఇద్దరు మహిళలు పరిశోధనశాలల్లో విద్యార్థులు ఎలా నేర్చుకుంటారో ఏళ్ళ తరబడి గమనించారు. పరికరం కట్టడం, అది పని చెయ్యకపోవడం, ఎందుకో వెతికి మళ్ళీ కట్టడం... అక్కడ నేర్చుకోవడమంటే ఇదే. తప్పిపోవడం అక్కడ సిగ్గుపడే విషయం కాదు.

దీనికి మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ గారు, ఇంజనీరు జి.ఎస్. భువనేశ్వర్ గారు, వాళ్ళ బృందం దేశీయ వాల్వు కోసం ఏళ్ళ తరబడి శ్రమపడ్డారు. మూడు నమూనాలు పనికిరాకుండా పోయాయి. అయినా వదలకుండా నాలుగోది చేశారు. గట్టి మిశ్రలోహపు చట్రం, అందులో వాలుతూ లేచే ప్రత్యేకమైన ప్లాస్టిక్ బిళ్ళ. 1990 డిసెంబర్ 6న దాన్ని మొదటి రోగికి అమర్చారు. ఆ తర్వాత లక్షమందికి పైగా ఈ చిత్ర వాల్వు అందింది. మూడోసారితో చాలించుకుని ఉంటే?

మన వంతు

పిల్లల గొంతునొప్పిని, ముఖ్యంగా జ్వరంతో వస్తే, తేలిగ్గా తియ్యకండి. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకి డాక్టరు మూడు, నాలుగు వారాలకోసారి వెయ్యమన్న పెన్సిలిన్ ఇంజక్షన్లు, జ్వరం తగ్గిందని మానెయ్యకండి.

లోహపు వాల్వు ఉన్నవాళ్ళు రక్తం గడ్డ కట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడాలి. పాలకూర, తోటకూర, మునగాకుల్లో ఉండే కె విటమిన్ ఈ మందుకి అడ్డం వస్తుంది. అలాగని ఆకుకూరలు మానక్కర్లేదు. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో వండండి. నెలంతా ముట్టుకోకుండా, ఒక్కసారిగా రోజూ పప్పుకూర పెడితేనే చిక్కు. ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష చెప్పిన రోజుకి చేయించండి. గర్భం కావాలనుకునే స్త్రీ ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి, ఈ మందు కడుపులో బిడ్డకి హాని చెయ్యవచ్చు. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకూడదు, తల్లి ప్రాణానికే ముప్పు.

ఇక ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న తల్లులకో మాట. సెలవులకి ఇంటికొస్తే మార్కులెన్ని అన్నది ఎలాగూ అడుగుతాం. దాంతోపాటు "ఈ సెమిస్టర్‌లో చేతులతో ఏం కట్టావురా? అది ఎక్కడ ఆగిపోయింది? ఎందుకు?" అని కూడా అడగండి. సూత్రాలు మనకి రాకపోయినా ఫరవాలేదు. చెప్పడానికి వాళ్ళు పడే తంటాలోనే వాళ్ళకి ఎంత అర్థమైందో ఇద్దరికీ తెలిసిపోతుంది.