సెప్టెంబర్ 15 కాదు... ఫిబ్రవరి 6!
తొలి తెలుగు టాకీ పుట్టినరోజును సరిచేసిన సినీ చరిత్రకారుడు రెంటాల జయదేవ

కువైట్ నుంచి

శుక్రవారం వచ్చిందంటే మా క్యాంపులో సినిమా ముచ్చట్లే. కోనసీమ, కడప, జగిత్యాల... ఎక్కడివాళ్లమైనా ఇక్కడ అందరినీ కలిపేది సినిమానే. ఒక ఉగాదికి మేము నలుగురం సూపర్‌వైజర్లం కలిసి మెస్ హాల్లో సినిమా క్విజ్ పెట్టాం. 'మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ఎప్పుడు విడుదలైంది?' అని అడిగితే, స్టీల్ ఫిక్సర్‌గా పనిచేసే ఒక తమ్ముడు లేచి '1932 ఫిబ్రవరి 6 అన్నా' అన్నాడు. మా చేతిలోని కాగితంలో 1931 సెప్టెంబర్ 15 అని ఉంది. తప్పని కొట్టేశాం. 'లేదన్నా, పేపర్లో చదివాను' అని రెండుసార్లు చెప్పాడు. అయినా వినలేదు. బహుమతిగా పెట్టిన ఫోన్ రీచార్జి కార్డు ఇంకొకరికి పోయింది.

తర్వాత తెలిసింది, తప్పు మాదేనని. ఆ తమ్ముడు చదివింది రెంటాల జయదేవ గారి పరిశోధన గురించి. ఆయన పని ఎంత గట్టిదో తెలుసుకున్నాక, మా క్విజ్ సంగతి పక్కనపెట్టి అందరికీ చెప్పాలనిపించింది.

ఎవరీ జయదేవ?

కవి, నాటకకర్త, పాత్రికేయుడు రెంటాల గోపాలకృష్ణ గారి కుమారుడు జయదేవ. వృత్తి పత్రికా రచన. సినిమా సమీక్షలు, ఇంటర్వ్యూలు, వ్యాసాలు చాలా రాశారు. ఉత్తమ సినీ విమర్శకుడిగా నంది పురస్కారం అందుకున్నారు. కొత్త సినిమా బాగుందో లేదో చెప్పే విమర్శకులు చాలామందే ఉన్నారు. పాత సినిమా అసలు ఎప్పుడు, ఎక్కడ, ఎలా వచ్చిందో కాగితం పట్టుకుని నిరూపించేవాళ్లు మాత్రం అరుదు. జయదేవ ఈ రెండు పనులూ చేశారు. తొలినాళ్ల సినిమాపై ఆయన చేసిన కృషి 'మన సినిమా... ఫస్ట్ రీల్' పేరుతో పుస్తకంగా కూడా వచ్చింది.

ఎలా తీశారు?

అసలు భక్త ప్రహ్లాద కథే ఒక సినిమా. 1931 మార్చి 14న బొంబాయిలో అర్దేషిర్ ఇరానీ 'ఆలం ఆరా'తో మన దేశంలో తొలి టాకీ విడుదల చేశారు. తర్వాత ఆయన దృష్టి దక్షిణాది మీద పడింది. దర్శకుడు మన హెచ్.ఎం.రెడ్డి. 1931 అక్టోబర్ 31న ఆయన 'కాళిదాస్' మద్రాసులో విడుదలైంది. అందులో ప్రధానంగా తమిళం, దానితోపాటు తెలుగు మాటలు, పాటలు కూడా ఉన్నాయి. ఆ తర్వాత మొదలు నుంచి చివరిదాకా తెలుగే మాట్లాడిన భక్త ప్రహ్లాద వచ్చింది.

ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకమే దీనికి ఆధారం. సురభి నాటక సమాజం వాళ్లను బొంబాయి రప్పించి తీశారు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి, ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు. చదువురాని మొద్దబ్బాయిగా వేసిన కుర్రాడే తర్వాత పెద్ద దర్శక నిర్మాత అయిన ఎల్.వి.ప్రసాద్. ఆలం ఆరా, కాళిదాస్, భక్త ప్రహ్లాద - మూడింటిలోనూ ఆయన కనిపించారు. ఏలూరు దగ్గరి పల్లె నుంచి ఇంట్లో చెప్పకుండా బొంబాయి వెళ్లిన మనిషి ఆయన. ఊరుకాని ఊళ్లో చిన్నాచితకా పనులతో మొదలుపెట్టడం ఏమిటో మాలాంటి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

తేదీ ఎక్కడ తప్పింది?

ఈ సినిమా 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాలపాటు అందరూ రాశారు. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాశారు. సభలు, వ్యాసాలు, క్విజ్‌లు అన్నీ అదే తేదీ మీద నడిచాయి. సినిమా చూసి తేల్చుకుందామంటే ప్రింటే మిగల్లేదు. ఇక మిగిలింది పాత కాగితాలే.

జయదేవ ఆ కాగితాల వెంట పడ్డారు. నాటి పత్రికలు, ప్రకటనలు, సెన్సార్ వివరాలు ఏళ్ల తరబడి తిరగేశారు. తేలింది ఏమిటంటే, భక్త ప్రహ్లాద బొంబాయిలో సెన్సార్ అయింది 1932 జనవరి 22న. అక్కడి కృష్ణా సినిమా థియేటర్‌లో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. తర్వాతే అది మన ఊళ్లకు, మద్రాసుకు వచ్చింది.

ఇందులో గట్టి పాయింటు సెన్సార్ తేదీ. 1918లో వచ్చిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ లేకుండా హాల్లో బొమ్మ వేయడానికి లేదు. జనవరిలో సర్టిఫికెట్ తీసుకున్న సినిమా అంతకు నాలుగు నెలల ముందే సెప్టెంబర్‌లో ఎలా ఆడుతుంది? ఈ ఒక్క ప్రశ్నకే పాత తేదీ నిలబడదు.

మా సైట్ లెక్కలో చెప్పాలంటే, స్లాబ్ కాస్టింగ్ ఫలానా రోజు అయిందని పదిమంది మేస్త్రీలు చెప్పినా కన్సల్టెంటు ఒప్పుకోడు. క్యూబ్ టెస్ట్ రిపోర్టు మీద తేదీ ఏముందో చూస్తాడు. 28 రోజుల రిపోర్టు చేతికొచ్చిందంటే, దానికి 28 రోజుల వెనకే కాస్టింగ్ జరిగి ఉండాలి. నోటిమాట ఎంతమంది చెప్పినా నోటిమాటే. జయదేవ చేసింది సరిగ్గా ఈ పనే.

అయిదు నెలల తేడాకు ఇంత గొడవా?

క్యాంపులో కొందరు ఇదే అడిగారు. తేదీ మారితే సంవత్సరం మారింది. సంవత్సరం మారితే లెక్క మారింది. 1931లో పూర్తి తెలుగు టాకీ ఒక్కటీ లేదన్నమాట. భక్త ప్రహ్లాద, పాదుకా పట్టాభిషేకం, శకుంతల - మన తొలి మూడు టాకీలూ 1932వే అవుతాయి. కాళిదాస్ ముందు, ప్రహ్లాద తర్వాత అనే వరస కూడా అప్పుడే కుదురుతుంది.

అలవాటైన తేదీని వదులుకోవడం ఎవరికీ సులువు కాదు. అయినా నెమ్మదిగా ఫిబ్రవరి 6 నిలబడింది. 2022లో తెలుగు టాకీకి 90 ఏళ్లు నిండాయని ఆ తేదీ ప్రకారమే గుర్తుచేసుకున్నారు. ఏటా ఫిబ్రవరి 6న తెలుగు సినిమా దినోత్సవం జరపాలని 2025లో తెలుగు ఫిలిం ఛాంబర్ కూడా నిర్ణయించింది. ఒక్క మనిషి ఓపిగ్గా పాత పేపర్లు తిరగేస్తే ఇంత పని జరిగింది.

మనమేం చేయగలం?

మేము సెలవుకు ఊరెళ్లినప్పుడు అటకలు చూశాం. మా నలుగురిలో ఒకరి ఇంట్లో తాతగారు దాచుకున్న సినిమా పాటల పుస్తకాలు ట్రంకు పెట్టెలో దొరికాయి. సగం చెదలు తినేశాయి. మిగిలినవాటి వెనక అట్ట మీద కంపెనీ పేరు, నటీనటుల పేర్లు ఇంకా కనబడుతున్నాయి. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు ముందు చిత్తుకాగితాల వాడికి పోయేవి ఇవే. గల్ఫ్ డబ్బుతో ఇల్లు కట్టుకునే మనమే ఇలాంటివి ఎక్కువ పారేసి ఉంటాం. ఒక సినిమా కరపత్రం, ఒక పాత టికెట్టు, ఒక వారపత్రిక... ఏది ఏ తేదీని నిలబెడుతుందో ఎవరు చెప్పగలరు? పారేసే ముందు ఒక్కసారి తెరిచి చూడండి. కనీసం ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి.

ఇక ఆ స్టీల్ ఫిక్సర్ తమ్ముడి సంగతి. తర్వాతి శుక్రవారం మెస్ హాల్లో అందరి ముందూ మా తప్పు ఒప్పుకుని రీచార్జి కార్డు ఇచ్చాం. 'కార్డు వద్దన్నా, ఆ కాగితంలో తేదీ మార్చండి చాలు' అన్నాడు. కార్డు బలవంతంగా జేబులో పెట్టాం. తేదీ అక్కడికక్కడే పెన్నుతో కొట్టేసి మార్చాం.