విషమస్థితి సంరక్షణలో నర్సు శిక్షణ

ప్రాణాధారమైన అవయవాలలో ఒకటిగాని, అంతకు మించిగాని తమ విధిని నిర్వర్తించలేక, బయటి ఊతం లేనిదే ప్రాణం నిలవని దశను విషమస్థితి అంటారు. ఆ దశలోని రోగిని ఎడతెగకుండా పరిశీలిస్తూ, అలసిన అవయవానికి ఆసరా ఇచ్చి, మూలవ్యాధికి చికిత్స జరిగేంత వ్యవధిని సంపాదించిపెట్టడమే విషమస్థితి సంరక్షణ. ఈ నిర్వచనంలో ‘ఎడతెగకుండా’ అన్న మాటే కీలకం. వైద్యుడు విడతలవారీగా వచ్చి చూసి వెళతాడు. రేయింబవళ్లు మంచం పక్కన ఉండేది నర్సు.

1952లో కోపెన్‌హేగన్‌ను పోలియో చుట్టుముట్టినప్పుడు, మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ రోగి శ్వాసనాళానికి రంధ్రం చేయించి, చేతితో సంచిని నొక్కుతూ ఊపిరితిత్తులకు గాలి పంపే పద్ధతిని ప్రవేశపెట్టాడు. దాదాపు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా ఆ సంచులను నొక్కారు. 1953 డిసెంబరులో ఆ నగరంలోనే ఆయన నెలకొల్పిన విభాగం నేటి ఐసీయూలకు మాతృక అయింది.

విషమస్థితి సంరక్షణలో నర్సు విద్యకు పునాది పరిపూరణ సూత్రం. శరీరం ఒక లోటును మరొక ప్రయాసతో పూడ్చుకుంటుంది. రక్తస్రావమైనప్పుడు గుండె వేగం పెరుగుతుంది, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందువల్ల రక్తపోటు కొంతసేపు నిలకడగానే కనిపిస్తుంది. చల్లబడిన చేతులు, వేగంగా కొట్టుకునే నాడి, తగ్గిన మూత్రం చెప్పే సంగతిని రక్తపోటు ఆలస్యంగా చెబుతుంది. అది పడిపోయేదాకా వేచి ఉన్న నర్సుకు విలువైన సమయం చేజారినట్లే.

ఆక్సిజన్ సంతృప్తత, అంటే రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఆక్సిజన్‌తో నిండిన శాతం, విషయం మరింత సూక్ష్మమైనది. ధమనీరక్తంలో ఆక్సిజన్ పీడనం 100 పాదరస మిల్లీమీటర్ల నుంచి 60కి తగ్గినా, సంతృప్తత సుమారు 97 శాతం నుంచి 90కి మాత్రమే దిగుతుంది. అక్కడినుంచి పీడనం మరో 20 తగ్గితే చాలు, సంతృప్తత 75 శాతానికి జారుతుంది. 90 అన్న అంకె గట్టు అంచు వంటిదని అర్థం చేసుకున్న నర్సు 91ని చూసి నిశ్చింతగా ఉండదు. పైగా రోగికి అదనపు ఆక్సిజన్ అందుతున్నప్పుడు, బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతున్నా సంతృప్తతను కొలిచే ఆక్సీమీటరు మంచి అంకెనే చూపవచ్చు. కనుక శ్వాసలను నిండు నిమిషంపాటు కంటితో లెక్కించడం తప్పనిసరి. మన వార్డులలో అంచనాతో రాసేసే అంకె ఇదే కావడం నన్ను బాధిస్తుంది.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో వెలువరించిన ముందస్తు హెచ్చరిక పట్టికలో నిమిషానికి 12 నుంచి 20 శ్వాసలకు సున్నా, 25 గాని అంతకు మించిగాని ఉంటే 3 మార్కులు. అన్ని అంశాల మొత్తం 7కు చేరితే అత్యవసర స్పందన కావాలి. మనదేశంలో భారత నర్సింగ్ మండలి విషమస్థితి సంరక్షణలో రెండేళ్ల స్నాతకోత్తర శిక్షణను రూపొందించింది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఈ సూత్రాలను ముందు తెలుగులో బోధించి, తరువాత ఆంగ్ల పదాలను అలవాటు చేయడం మేలని నా నమ్మకం.

వెంటిలేటర్ హెచ్చరిక మోగినప్పుడు శిక్షణ పొందిన నర్సు చూపు తెర మీదికి కాదు, రోగి ఛాతీ మీదికి వెళుతుంది. శ్వాసగొట్టం పక్కకు జరిగిందా, కఫంతో పూడిందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా, యంత్రమే చెడిందా అని ఆరా తీస్తుంది. రోగి స్థితి దిగజారుతుంటే సహాయానికి పిలుస్తూనే గొట్టాన్ని యంత్రం నుంచి విడదీసి, ఆనాటి కోపెన్‌హేగన్ విద్యార్థుల వలెనే, సంచిని చేతితో నొక్కడం మొదలుపెడుతుంది.