జూన్ రాత్రులకు ముద్దా, పప్పూ

అనంతపురం పల్లెల్లో ఇళ్లు మళ్లీ గాడిలో పడేది జూన్‌లో. రెండో వారంలో బడులు తెరుస్తారు. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడితే చెనిక్కాయ విత్తనానికి చేను సిద్ధం చేస్తారు. ఎండాకాలం కూలి పనులకు బెంగళూరు వెళ్లినవారిలో చాలామంది అప్పటికి తిరిగొస్తారు. నెలల తరబడి ఒకరు పట్నంలో, పిల్లలు అవ్వాతాతల దగ్గర, తలా ఒక వేళకు తిన్న ఇంట్లో అందరూ కలిసి కూర్చునే పూట రాత్రి భోజనమే. పొద్దున బడి హడావుడి, మధ్యాహ్నం చేను. కాబట్టి దినచర్యను మళ్లీ నిలబెట్టాలంటే రాత్రి వంటతో మొదలుపెట్టడమే తేలిక. ఆ వంట ఎంత సాదాగా ఉంటే అంత ఎక్కువ రోజులు సాగుతుంది.

సాదా వంట ఈ సీమకు కొత్తేమీ కాదు. ఇక్కడ ఏటా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లే. నైరుతి మబ్బులను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య మబ్బులు తూర్పు తీరం దాటి ఇక్కడికి చేరేసరికి నీరసిస్తాయి. ఎర్రనేలలో ఆ కాస్త తడికి ఏది పండితే అదే కంచంలోకి వచ్చింది. చెనిక్కాయ చేలో కొన్ని సాళ్లు కంది, అలసంద, అనప వేస్తారు. గట్ల మీద గోగాకు పెరుగుతుంది. రాగిముద్ద, పప్పు, పచ్చడి అనే రాత్రి భోజనం ఒక రకంగా ఆ చేనే. దాన్ని పేదల తిండి అని తీసిపారేసేవారు ఇప్పటికీ ఉన్నారు కానీ, ఇంతకంటే పొందికైన పూట కుదరడం కష్టం.

మధ్యలో ఈ అలవాటు కొంత తప్పింది. చెనిక్కాయ సాగు పెరిగేకొద్దీ కొర్ర, ఆరిక, సజ్జ చేలు తగ్గాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక రాత్రిపూట కూడా అన్నమే తినే ఇళ్లు పెరిగాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదే రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. బడిలో జావ తాగిన పిల్లలకు ఇంట్లో ముద్ద పెట్టడం మునుపటంత కష్టం కాదు.

ముద్ద చేయడానికి అరగంట చాలు. గుప్పెడు బియ్యపు నూకలను ఉప్పు వేసిన ఎసట్లో మెత్తగా ఉడికించాలి. గ్లాసు రాగిపిండికి రెండు గ్లాసుల పైచిలుకు నీళ్లు పడతాయి. నూకలు ఉడికాక పిండిని మధ్యలో కుప్పగా పోసి, తెడ్డు కాడతో నడిమధ్య ఒక బొక్క పొడుస్తారు. ఎసరు అందులోంచి ఉబికి పిండిని తడుపుతుంది. ఈ దశలో కలపకూడదు, కలిపితే ఉండలు కడుతుంది. మూత పెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు వదిలేసి, దించాక గిన్నెను కదలకుండా పట్టుకుని తెడ్డుతో గట్టిగా ఎనపాలి. పిండి వాసన పోయి, తడిచేతికి అంటకుండా ముద్ద చుట్టుకుంటే ఉడికినట్టే.

పట్నం తిండికి అలవాటుపడిన పిల్లలకు మొదటిరోజే గట్టి ముద్ద పెడితే పక్కకు నెట్టేస్తారు. మొదటి వారం నూకలు ఎక్కువ, పిండి తక్కువ వేసి, నిమ్మకాయంత ముద్దలు చుట్టి, పైన గుంట చేసి నెయ్యి వేయడం మేలు. తర్వాత పిండి వంతు పెంచుకుంటూ పోవచ్చు. ముద్దను నమలరు, తుంచి పప్పులో అద్ది మింగుతారు. ఆ విద్య పెద్దవాళ్ల పక్కన కూర్చుంటేనే పట్టుబడుతుంది. ఈ ఓపిక ఊరికే పోదు: 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో అది 10 కూడా దాటదు.

జతకు ఆకుకూర పప్పో, చెనిక్కాయల ఊరిబిండో ఒకటి ఉంటే చాలు, రెండూ అక్కర్లేదు. వేయించి పొట్టు తీసిన చెనిక్కాయలు, పచ్చిమిరపకాయలు, చింతపండు, ఉప్పు రోట్లో దంచి, చివర్లో ఉల్లిపాయ వేసి కచ్చాపచ్చాగా తీస్తే ఊరిబిండి. మిక్సీలో అయితే ఒకట్రెండు తిప్పులు చాలు, మెత్తబడితే రుచి పోతుంది. చెనిక్కాయల్లో నాలుగోవంతు మాంసకృత్తులే కాబట్టి పప్పు లేని రాత్రికీ లోటుండదు. చలికాలంలో అనపకాయలు దొరికే రోజుల్లో పితికిపప్పు కూరకు పోటీ లేదు.

రోజూ ముద్దే తినాలనేం లేదు. అరగంట ముందు నానబెట్టిన కొర్రలు రెండింతల నీళ్లలో అన్నంలా ఉడుకుతాయి, చారుతోనో పెరుగుతోనో తినొచ్చు. చేను నుంచి పొద్దుపోయి వచ్చిన రోజు ఉగ్గాని ఉండనే ఉంది. బొరుగులను నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లితే పావుగంటలో పని అయిపోతుంది. పొద్దున టిఫిన్‌కైతే పక్కన బజ్జీ ఉండాల్సిందే, రాత్రికి అది లేకపోయినా ఎవరూ అడగరు.

ముద్ద చేసే రాత్రి ఒకటి రెండు ఎక్కువే చుడతారు. మిగిలినవాటిని నీళ్లలో వేసి ఉంచి, పొద్దున మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ నంజుకుని తాగి చేనికి పోతారు. బడికి వెళ్లే పిల్లలకూ ఆ పూటకు వేరే టిఫిన్ చేయనక్కర్లేదు.