మయసభ ఎవరిది?

మయసభలో దుర్యోధనుడు మడుగును నేల అని భ్రమించి అడుగు పెట్టినాడు. ఆ నేల మాయ. కాని తడిసిన వస్త్రాలు నిజం, కలిగిన అవమానం నిజం, దాని వెనుక వచ్చిన యుద్ధమూ నిజమే. మాయాలోకంలో జరిగినదంతా మాయ కాదని భారతకథ మనకు ఏనాడో చెప్పినది.

మొన్న మా తరగతిలో ఒక విద్యార్థి మూలంగా ఈ సంగతి మరల జ్ఞాపకం వచ్చినది. రెండేండ్లు శ్రమించి ఒక కంప్యూటర్ ఆటలో అతడు కోట కట్టుకొన్నాడట. నిర్వాహకులు ఒకనాడు అతని ఖాతాను మూసివేసినారు. “మాస్టారూ, నేను కట్టిన కోట నాది కాదా?” అని అడిగినాడు. తోటివారు నవ్వినారు. కాని ఇటువంటి ప్రశ్నను విని న్యాయస్థానాలు నవ్వలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని లిండెన్ ల్యాబ్ అనే సంస్థ 2003లో ‘సెకండ్ లైఫ్’ అనే కల్పితలోకాన్ని తెరచినది. అందులో ప్రవేశించినవారు స్థలం కొనవచ్చును, ఇండ్లు కట్టవచ్చును, దుస్తులు చేసి అమ్ముకొనవచ్చును. అక్కడి నాణేన్ని నిజమైన డాలర్లుగా మార్చుకొనవచ్చును. సృష్టించిన వస్తువులపై మేధాహక్కులు సృష్టికర్తలవే అని సంస్థ ఆ సంవత్సరమే ప్రకటించినది. వేలకొలది మయులు పుట్టుకొని వచ్చినారు.

2006లో ‘కాపీబాట్’ అనే ప్రోగ్రాం బయలుదేరినది. ఒకరు చేసిన వస్తువుకు అది క్షణంలో నకలు తీయగలదు. వర్తకులు నిరసనగా అంగళ్లు మూసివేసినారు. అంగళ్లు కల్పితాలే, వారి జీవనోపాధి మాత్రం కల్పితం కాదు.

ఆ సంవత్సరమే పెన్సిల్వేనియాకు చెందిన ఒక న్యాయవాది అక్కడ కొన్న స్థలాన్ని, వేలంపాటలోని లోపాన్ని వాడుకొన్నాడన్న ఆరోపణపై సంస్థ లాగుకొన్నది. అతడు దావా వేసినాడు. ఒప్పందం ప్రకారం వివాదాన్ని మధ్యవర్తి ఎదుటనే తేల్చుకోవలెనని సంస్థ వాదించినది. ఆ షరతు ఏకపక్షమై అన్యాయంగా ఉన్నదని 2007 మే నెలలో ఫెడరల్ న్యాయమూర్తి త్రోసిపుచ్చినారు. తరువాత ఉభయులు రాజీపడినారు. స్థలం ఎవరిదన్న మూలప్రశ్న అట్లే మిగిలిపోయినది.

నెదర్లాండ్స్‌లో సమాధానం మరికొంత స్పష్టంగా వచ్చినది. 2007లో ఇద్దరు బాలురు 13 ఏండ్ల తోటివానిని కొట్టి బెదిరించి, ‘రూన్‌స్కేప్’ అనే ఆటలో అతడు సంపాదించిన తాయెత్తును, ముసుగును తమపరం చేసుకొన్నారు. అవి వస్తువులు కావు, వట్టి సమాచారమని ముద్దాయి పక్షం వాదించినది. ఆ దేశపు సుప్రీంకోర్టు 2012 జనవరి 31న ఆ వాదాన్ని అంగీకరించలేదు. కాలమూ శ్రమా వెచ్చించి సంపాదించుకొన్నది, తన అధీనంలో ఉన్నది, బలవంతాన చేజారినది. కనుక అది దొంగతనమే అని నిర్ణయించినది.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడ సాహిత్యకృతియే! 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, చరాస్తి నిర్వచనంలో పాత శిక్షాస్మృతి వాడిన ‘మూర్తమైన’ అనే అర్థంగల విశేషణాన్ని వదలివేసినది. ఒక్క విశేషణం లోపిస్తే అర్థం ఎంత విస్తరించగలదో తెలుగు ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ విద్యార్థికి నేను ఒక ఉపమానం చెప్పినాను. అద్దె ఇంటి గోడమీద చిత్రకారుడు బొమ్మ వేసినాడనుకొందాము. బొమ్మపై కర్తృత్వం అతనిది, గోడ ఇంటియజమానిది. ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చిననాడు ఆ బొమ్మ గతి ఏమి? అది అద్దెపత్రం మీద ఆధారపడి ఉంటుంది. ఆ పత్రాన్నే నీవు చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని మీట నొక్కినావు.

ఖాండవదహనంలో ప్రాణం దక్కించినవారి ఋణం తీర్చుటకు మయుడు సభ కట్టి యిచ్చినాడు. మన ప్రాచీనకవులు కృతిని అంకితమిచ్చినపుడు కృతిభర్త ఎవరో ఎరిగి యిచ్చినారు. నేటి బాలుడు తన కృతిని ఎవరికి, ఏ షరతుపై ఇస్తున్నాడో ఎరుగకనే ఇచ్చివేస్తున్నాడు. చదవడం నేర్పే మనమే అతనికి ఆ పత్రాన్ని కూడ చదవడం నేర్పవలసియున్నది.