మాత్రలో మాంసం

సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందుకు అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. నరంలోకి బొట్టుబొట్టుగా ఎక్కించే మందు అది. చాలాచోట్ల దానివల్ల తీవ్రమైన ఎలర్జీ వచ్చింది నూటికి ముగ్గురి లోపే. టెనెసీ, నార్త్ కరోలినాల్లోని ఆసుపత్రుల్లో మాత్రం నూటికి 22 మందికి వచ్చింది. ఒళ్లంతా దద్దుర్లు, బీపీ పడిపోవడం, ఊపిరి అందకపోవడం. అదీ మొదటి డోసుకే. ఎలర్జీ రావాలంటే ఒంటికి ఆ పదార్థంతో ముందే పరిచయం ఉండాలి. ఎన్నడూ ఎరగని మందు మీద ఒళ్లు అలా విరుచుకుపడటం డాక్టర్లకు అంతుపట్టలేదు.

గుట్టు విప్పింది వర్జీనియా విశ్వవిద్యాలయంలోని ఎలర్జీ నిపుణుడు థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వాళ్ల వ్యాసం వచ్చింది. సెటుక్సిమాబ్‌ను ఎలుక కణాల్లో తయారుచేస్తారు. ఆ కణాలు మందుకు ఆల్ఫా-గాల్ అనే చక్కెరను అంటించి పంపుతాయి. ఆవు, గేదె, మేక, గొర్రె, పంది ఇలా పాలిచ్చే జంతువులు దాదాపు అన్నింటి ఒంట్లోనూ ఈ చక్కెర ఉంటుంది. మనుషులకు ఉండదు, మన ఊళ్లలో తిరిగే కోతులకూ ఉండదు. రియాక్షన్ వచ్చినవాళ్లలో చాలామంది రక్తంలో, మందు ఎక్కించకముందే, ఆ చక్కెర మీదికి దూకే యాంటీబాడీలు సిద్ధంగా ఉన్నాయి.

ఆ యాంటీబాడీలను పుట్టించింది పిడుదు పురుగు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవుల్లో, జింకలు తిరిగే పెరళ్లలో ఉండే లోన్ స్టార్ పిడుదు. ఆడదానికి వీపు మీద తెల్లచుక్క ఉంటుంది. అది కుట్టినప్పుడు లాలాజలంతో పాటు ఆల్ఫా-గాల్‌ కూడా ఒంట్లోకి చేరుతుంది. ప్లాట్స్-మిల్స్‌నే 2007లో కొండదారిలో నడుస్తుంటే పిడుదులు పట్టాయి. ఆ తర్వాత లండన్‌లో రాత్రి భోజనంలో గొర్రె మాంసం తిన్నారు. కొన్ని గంటల తర్వాత, అర్ధరాత్రి దాటాక, ఒంటినిండా దద్దుర్లతో మెలకువ వచ్చింది. మామూలు తిండి ఎలర్జీలు నిమిషాల్లో బయటపడతాయి. ఇది రెండు నుంచి ఆరు గంటలు ఆగి వస్తుంది. అందుకే రాత్రి తిన్న మటన్ మీద ఎవరికీ అనుమానం రాదు. కోడి, చేప, రొయ్య తింటే ఏమీ కాదు, వాటిలో ఈ చక్కెర లేదు.

ఈ వరస గమనించండి. అమెరికాలో ఈ రోగం మొదట దొరికింది మందులో, మాంసం సంగతి తర్వాత తెలిసింది. అయినా ఇప్పటికీ దీన్ని తిండి ఎలర్జీగానే చూస్తున్నారు. ‘మటన్ మానేయండి’ అనడంతో సలహా ముగిసిపోతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2023లో చెప్పిన లెక్క ప్రకారం 2010 నుంచి 2022 వరకు బయటపడిన అనుమానిత కేసులు లక్షా పది వేలు. బయటపడనివి కూడా కలిపితే నాలుగున్నర లక్షల దాకా ఉండొచ్చని అంచనా. అప్పుడే వైద్య సిబ్బందిని అడిగితే 42 శాతం మంది ఈ ఆల్ఫా-గాల్ రోగం పేరే వినలేదన్నారు. నాకు ఇందులో ఎక్కువ గుబులు పుట్టించేది శాకాహారుల సంగతి. వర్జీనియాలోనో నార్త్ కరోలినాలోనో ఉండే మన తెలుగు శాకాహారికి పిడుదు కుట్టిందనుకోండి. మాంసం ముట్టడు కాబట్టి మాంసం వల్ల తెలిసే దారి లేదు. కొందరికి పాలూ నెయ్యీ పడకపోవచ్చు, అందరికీ కాదు. అలాంటివాళ్లకు తొలి హెచ్చరిక ఆసుపత్రి మంచం మీద సూదిమందు రూపంలో వచ్చే ప్రమాదం ఉంది.

మందుల్లోకి జంతువు ఎక్కడెక్కడ నుంచి వస్తుందో చూడాలంటే గొట్టం మాత్రతో, అంటే క్యాప్సూల్‌తో మొదలుపెట్టాలి. గొడ్ల ఎముకలు, తోళ్లు, పంది చర్మం ఉడికించి తీసిన జిలాటిన్ ద్రావణంలో వరసగా బిగించిన స్టీలు పుల్లల్ని ముంచి లేపుతారు. పలచని పొర అంటుకుంటుంది. ఆరబెట్టి, ఊడదీసి, అంచులు కోసి, మందు నింపి, రెండు సగాలూ ఒకదాంట్లో ఒకటి దూరుస్తారు. మన దగ్గర అమ్మే స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. ‘గొట్టంలో ఆమోదిత రంగులు వాడాం’ అని చాలావాటి మీద కనిపిస్తుంది. రంగు సంగతి చెబుతారు, గొట్టం ఏ జంతువుదో చెప్పరు. బిస్కెట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్కో గోధుమరంగు త్రికోణమో చూసి కొనే దేశంలో మందుపెట్టె మీద అలాంటి గుర్తు లేదు. మొక్కల సెల్యులోజ్‌తో చేసిన గొట్టాలు లేవా అంటే ఉన్నాయి, కానీ చేతిలో ఉన్నది ఏదో చూపుకు తెలియదు.

బిళ్లలు సురక్షితమా అంటే అదీ చెప్పలేం. బిళ్ల అచ్చుకు అతుక్కుపోకుండా మెగ్నీషియం స్టియరేట్ అనే తెల్లపొడి కొద్దిగా కలుపుతారు. అది పామాయిల్ లాంటి మొక్కల నూనెల నుంచీ రావచ్చు, పశువుల కొవ్వు నుంచీ రావచ్చు. పేరు ఒకటే. ఒకే మందు రెండు కంపెనీలు చేస్తే, అసలు మందుకు తోడుగా కలిపే ఇలాంటి పూరకాలు రెండు రకాలు కావచ్చు. ఈ నెల పడిన బిళ్ల, వచ్చే నెల మెడికల్ షాపువాడు బ్రాండు మార్చి ఇస్తే పడకపోవచ్చు. అమెరికాలో మందుల జాబితాలో పూరకాల పేర్లయినా చూసుకోవచ్చు. మూలం ఏ జంతువో తెలియాలంటే ఫార్మసిస్టు కంపెనీకి ఫోన్ చేయాల్సిందే.

అలాగని ప్రతి బిళ్లకూ హడలిపోనక్కర్లేదు. ఆల్ఫా-గాల్ సమస్య ఉన్నవాళ్లలో చాలామంది ఇలాంటి బిళ్లలు ఏ ఇబ్బందీ లేకుండా మింగుతున్నారు. కొవ్వుపొడిలో ఆ చక్కెర మిగిలితే ఏ కాస్తో జాడగా మిగలాలి. అసలు తేడా ఎంత వెళ్తోంది, ఏ దారిన వెళ్తోంది అన్నదాంట్లో ఉంది. కడుపులోకి వెళ్లే చిటికెడు పొడి వేరు, రక్తంలోకి నేరుగా పోసే జిలాటిన్ సెలైన్ వేరు. రక్తస్రావంలో బీపీ నిలపడానికి ఎక్కించే జిలాటిన్ ద్రావణాలతో మాంసం పడనివాళ్లకు వచ్చిన ప్రమాదాలను ఆస్ట్రేలియా వైద్యులు 2012లోనే రాశారు. జిలాటిన్ ఉన్న పాత షింగిల్స్ టీకాతోనూ ఇలాంటి కేసు నమోదైంది. తర్వాత వచ్చిన షింగ్రిక్స్‌లో జిలాటిన్ లేదు.

ఇక హెపారిన్. గుండె ఆపరేషన్‌లో, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా వాడే ఈ మందును పంది పేగుల లోపలి పొర నుంచి తీస్తారు. దీని తయారీలో మన హైదరాబాద్ గ్లాండ్ ఫార్మాకు పెద్ద పేరే ఉంది. చిన్న మోతాదులో చర్మం కింద పొడిస్తే చాలామందికి ఏమీ కాదు. గుండె ఆపరేషన్‌లో ఒక్కసారిగా పెద్ద మోతాదు నరంలోకి వెళ్లినప్పుడు కొందరికి రియాక్షన్ వచ్చింది. దానికి బదులు బైవాలిరుడిన్, ఫాండాపారినక్స్ లాంటివి ఉన్నాయి, ఇవి ప్రయోగశాలలో తయారైనవి. కానీ హెపారిన్ ప్రభావాన్ని ఆపాలంటే ప్రోటమిన్ ఉంది, దాన్ని చేప నుంచి తీస్తారు. ఫాండాపారినక్స్‌కు అలాంటి విరుగుడు లేదు. ఎలర్జీ భయంతో మందు మారిస్తే రక్తస్రావం ఆపడం కష్టమవుతుంది. ఈ లెక్క వేయాల్సింది మత్తుడాక్టరు, సర్జన్. పాడైన గుండె కవాటం స్థానంలో పెట్టే పంది, ఆవు కవాటాలదీ అదే కథ. అవి అమర్చిన ముగ్గురు ఆల్ఫా-గాల్ రోగుల గురించి 2014లో రాశారు. జంతువుది కాని మెకానికల్ కవాటం పెడితే జీవితాంతం రక్తం పలచన చేసే బిళ్లలు వేసుకోవాలి.

పాముకాటు విషయంలో మాత్రం తటపటాయింపు పనికిరాదు. మన దేశంలో విరుగుడు మందు గుర్రపు రక్తం నుంచి వస్తుంది. గుర్రపు విరుగుళ్లలో ఆల్ఫా-గాల్ ఉందని 2017లో తేల్చారు. అయినా కట్లపామో రక్తపింజరో కరిచినప్పుడు విరుగుడు వద్దనడం ఆత్మహత్యే. రియాక్షన్‌ను అణిచే ఎడ్రినలిన్ సూది పక్కన సిద్ధంగా పెట్టుకుని ఎక్కించాలి. ఎలర్జీ సంగతి ముందే చెబితే ఆ సూది అందుబాటులో ఉంటుంది, అంతే తేడా.

రక్తపరీక్షలో ఆల్ఫా-గాల్ యాంటీబాడీలు కనిపించినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు, తిన్నాకో మందు పడ్డాకో లక్షణాలు వస్తేనే. మళ్లీ పిడుదులు కుట్టకపోతే కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది కూడా. ఈలోగా ఆసుపత్రిలో చేరేటప్పుడు ‘మటన్ పడదు’ అని చెబితే, అది భోజనం తెచ్చే కుర్రాడి చీటీలోకి వెళ్తుంది. ‘పాలిచ్చే జంతువుల నుంచి తీసిన జిలాటిన్, హెపారిన్, కవాటాలు పడకపోవచ్చు’ అని కాగితం మీద రాసి ఇస్తే మందుల షీటులో ఎలర్జీ గడిలో పడుతుంది. ఆపరేషన్‌కు వారం ముందే ఆ కాగితం మత్తుడాక్టరు చేతికి అందితే, బదులు మందు తెప్పించుకోవడానికి ఆయనకు వ్యవధి ఉంటుంది.